తీసేసిన ఆప్షన్

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో కూడా ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం తేలిక.

శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం మొదలైన ఏడాది, ఆ దగ్గర్లోనే ఒక సరుకు రవాణా కంపెనీలో మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్‌ను చూసుకునేవాణ్ని. రిటైరయ్యాక కాంట్రాక్టు మీద తీసుకున్నారు. యంత్రానికి అతి దగ్గరగా ఉండే పాత భాష అసెంబ్లర్‌లో నన్ను మించినవాడు దక్షిణాదిలోనే లేడని చెప్పుకునేవాణ్ని. నిజానికి ఆ ఆఫీసులో లేడు, అంతే.

యంత్రంలోకి వచ్చే ప్రతి పనినీ లోపలికి వదలాలా, ఆపాలా అని తేల్చే చిన్న ప్రోగ్రాం ఒకటుండేది. నేను రాసిందే. దాన్ని కొత్తగా రాయాల్సి వచ్చింది. మళ్లీ అసెంబ్లర్‌లోనే రాద్దామన్నాను. నాతోపాటు కాంట్రాక్టులో ఉన్న షబానా, శంషాబాద్ అమ్మాయి, సి భాషలో రాద్దామంది. మామూలు సి కాదు, ఆపరేటింగ్ సిస్టం లోపల నడవడానికే తయారైన రకం. అందులో రాస్తే రేపు ఇంకెవరైనా చదివి దిద్దుకోగలరంది. అక్కడే గుచ్చుకుంది. ఇంకెవరైనా చదవగలిగితే ఇక నేనెందుకు? నాకు సి రాదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఇద్దరూ చెరొకటి రాస్తే రెండూ నడిపి చూద్దామన్నాడు మేనేజరు. ఏది నెగ్గితే అది రాసినవాళ్లే ఉంటారు, రెండోవాళ్లకు కాంట్రాక్టు ఉండదు. పరీక్ష నడిపే అధికారం నాదే. సి లో రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్; ప్రోగ్రాం వేగంగా నడిచేలా సర్దమని దానికి చెప్పే ఆప్షన్ ఒకటుంటుంది. షబానా దాన్ని పెట్టే ఇచ్చింది. నేను తీసేశాను. ఒక్క పదం.

ఫలితం చెప్పినప్పుడు ముప్ఫై మంది చప్పట్లు కొట్టారని తర్వాత చాలామందికి చెప్పాను. గదిలో ఉన్నది ముగ్గురం. మేనేజరు తల ఊపాడు. కాగితం మీద ఆమెది రెండింతల సమయం తీసుకుంది, నేను నోటితో మూడింతలన్నాను. అబద్ధాన్ని కూడా ఉన్నంత మేరకు చెప్పలేకపోయాను.

రెండు రోజులకు షబానా తన ప్రోగ్రాం కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"సార్, ఏడ తప్పిన? జర చూసి చెప్పుర్రి. ఎంత చూసినా దొరుకుతలేదు."

"నీ తప్పేం లేదమ్మా. సి అంటేనే అంత."

"గట్లనా? నేనే ఏదో గడ్‌బడ్ చేసిననని పరేషాన్ అయితున్న. మీరు చెప్పిన్రంటే ఇగ సరే." నవ్వింది. "మీ అసెంబ్లర్ నాగ్గూడ నేర్పుర్రి మరి. మీరొక్కరే దాసుకుంటే ఎట్ల?"

నేర్పుతానన్నాను.

అనుమానపడి ఉంటే బాగుండేది. ఎందుకు పడలేదు? నా తెల్లజుట్టు చూసి నమ్మిందా?

ఆమె వెళ్లాక, ఆ ఆప్షన్ పెట్టి మళ్లీ నడిపాను. ఎలాగూ ఆమెదే నెమ్మది అని తేలితే నా తప్పు సగమవుతుందనుకున్నానేమో. నాదే వేగం. ఎంత? యంత్రం లెక్కపెడితే తప్ప మనిషి పసిగట్టలేనంత. అంత చిన్న తేడా కోసం ఎవరూ నా ప్రోగ్రాంను ఎంచుకునేవారు కాదు. ఆ కాగితం చింపేశాను.

నెలాఖరుకు షబానా కాంట్రాక్టు ఆగిపోయింది. కాటేదాన్‌లో ఏదో ఫ్యాక్టరీలో బిల్లులు కొట్టే పనికి కుదిరిందని విన్నాను. నేను ఇంకో మూడేళ్లు ఉన్నాను. ఆమెకు అసెంబ్లర్ నేర్పలేదు.

ఒకసారి తుక్కుగూడ బస్టాపులో కనిపించింది. "బాగున్నరా సార్?" అని తనే పలకరించింది. ఇంకా తన చదువులోనే ఏదో లోటుందని అనుకుంటోందా? అడగలేదు. బాగున్నానన్నాను. బస్సు రాగానే ఎక్కేశాను, అది నేను ఎక్కాల్సిన బస్సు కాకపోయినా.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. షబానా సరిగ్గానే రాసింది. ఆమెకు చెప్పాల్సిన మాట మీకు చెబుతున్నాను, ఆ పిరికితనమూ నాదే. అయినా రాశాక, కాస్త ఊపిరాడుతోంది.