పలకని ఇంటి నిప్పు

అంగారకుని మీద ఊరు కడతరంట, మనవడు ఫోన్ల చూపిస్తుండు. బయటికి దారుండదు, అన్నీ ఆళ్లే చేసుకోవాలంట. ఎవడూ ఎరగని సంగతి లెక్క చెప్తుంటే నాకు ఒళ్లు మండింది. పర్ణశాల అవతల అడివిల మా పన్నెండిళ్లు గట్లనే బతికినయి గదరా! వాగొచ్చిందంటే వానలు ఎలిసేదాకా ఎవడూ రాడు, ఎవడూ పోడు.

నా ఈడోళ్లకు యాదికుంటది, అగ్గిపెట్టెలన్నీ మెత్తబడేటియి. పొయ్యి ఆరితే ఇంకో ఇంటి నిప్పు తెచ్చుకోవాలె. మా గూడెంల కట్టుబాటు ఏందంటే, ఎవలతోని మాటల్లేవో ఆళ్లింటికే పోయి అడగాలె. పగ పట్టి కూసుంటే అందరం చస్తమని పెద్దోళ్లు పెట్టిన్రు.

ఓ వానకాలం చేను గట్టు కాడ మా నాయిన, పక్క చేను ముత్తయ్య తన్నుకున్నరు. తెల్లారే కప్పు కారి మా పొయ్యి ఆరింది. లోపల చెల్లె జరంతోని వణుకుతుంది. నాయిన కుండపెంకు పట్టుకొని ముత్తయ్య గుమ్మం ముందు నిలబడ్డడు. నేను ఎనకనే ఉన్న.

"గట్టు జరిపినోడా, ఇయ్యాల నా ఇల్లు కనబడ్డదా?" అన్నడు ముత్తయ్య.

నాయిన పళ్లు కొరుక్కుంట పెంకు ముందుకు చాపిండు. ముత్తయ్య పెంకుల నిప్పులేసిండు. వాన దంచుతుంటే తాటాకు గొడుగు పట్టి మా ఇంటిదాకా ఎంటొచ్చిండు.

"నీకు కాదురా, నిప్పుకు పట్టిన" అన్నడు.

ఆ నిప్పు మీదనే అమ్మ చెల్లెకు గంజి కాసింది. ఆళ్లిద్దరికీ చచ్చేదాకా పడలే.

అంగారకుని మీదికి పోయేటోళ్లు గాలి డబ్బాలు, నీళ్ల మిషన్లు అన్నీ రాసుకున్నరంట. మొఖాలు చూసుకోనోళ్లు గొడుగెట్ల పట్టాల్నో ఎవడన్న రాసిండా?