మొక్క పడుకుంది

మా పెదనాన్నకి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. మధ్యాహ్నం భోజనాలయ్యాక తన మొక్క నిద్రపోతుందనీ, ఆ వేళ చీమ కూడా చప్పుడు చెయ్యకూడదనీ పట్టుబట్టేవాడు. అన్నది ఎవరు? పొద్దుటి నుంచీ సుత్తి పట్టుకుని రేకు పెట్టెలు చేస్తూ వీధి వీధంతటి చెవులకీ చిల్లులు పొడిచే మనిషి.

మొక్క ఉండేది కొట్టు వెనకగది కిటికీలో. మందపాటి ఆకులే గులాబీలా గుండ్రంగా పేర్చుకుని, పల్చగా పౌడరు రాసుకున్నట్టుండేది. పెదనాన్న కుంచెతో దాని దుమ్ము దులిపేవాడు. మట్టిని వేలితో తడిమి, బాగా ఎండితేనే అంచు వెంబడి కాసిని నీళ్ళు పోసేవాడు. భోజనం కాగానే సుత్తికి గుడ్డ చుట్టి, కిటికీకి గోనెపట్టా దించి, గుమ్మంలో కాపలా కూర్చునేవాడు.

"నా పెట్టె ఎప్పుడిస్తావయ్యా?" అని ఎవరైనా కేకేస్తే, "మెల్లిగా అడుగు. మొక్క పడుకుంది" అనేవాడు.

"మొక్క పడుకోవడమేంటి, చోద్యం కాకపోతే."

"ఏం, నువ్వు పడుకోవూ?"

వచ్చినవాడు చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయేవాడు. గోనె సందుల్లోంచి ఎండ నేలమీద నెమ్మదిగా పాకేది. వీధంతా కలలోకి జారుకున్నట్టుండేది. అరుగు మీద నాకూ కళ్ళు మూతలు పడేవి.

పెద్దమ్మకి మాత్రం ఒళ్ళు మండేది. ఆవిడకి అప్పటికే ఒక బెంగ ఉంది. కొత్త కోడలు, అంటే మా వదిన, ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. "పట్టపగలు కోడలు పడుకుంటే నలుగురూ ఏమనుకుంటారు? ఆ ఉద్యోగం మాన్పించేస్తాను" అని ఒకరోజు గిన్నెలు ఎత్తెత్తి పడేసింది. ఆ మర్నాడే పెదనాన్న మొక్క తెచ్చాడు.

పాపం ఎండుతోందని పెద్దమ్మ జాలిపడి, మొక్కకి రోజూ చాటుగా చెంబుడు నీళ్ళు పోసింది. వేర్లు కుళ్ళాయి. పెదనాన్న దాన్ని పెకలించి, చెడిన వేర్లు కత్తిరించి, ఆరడానికి మేడ మీద నీడలో పెట్టాడు.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మ గిన్నెల బుట్టతో వచ్చేసరికి, ఆయన ఎప్పట్లాగే నోటిమీద వేలేసుకుని గుమ్మంలో ఉన్నాడు.

"మొక్క మేడ మీదుంది. మరి ఇక్కడెవరు పడుకున్నారు?"

పెదనాన్న చెవులు ఎర్రబడ్డాయి. ఖాళీ కుండీ వెనక, గదిలోంచి వదిన గురక సన్నగా వినిపించింది.

పెద్దమ్మ బుట్ట చప్పుడు కాకుండా దింపింది. "ఈ మాట నాతో చెప్పొచ్చుగా" అంది గొంతు తగ్గించి.

"కోడలికైతే నువ్వు ఒప్పుకోవు. మొక్కకైతే నన్ను తిట్టి ఊరుకుంటావు."

ఇంతలో ఎవరో వీధిలోంచి, "నా పెట్టె అయిందా?" అని అరిచారు. పెదనాన్న నోరు తెరిచేలోపే పెద్దమ్మ గుమ్మం దాటింది.

"మెల్లిగా అడుగు నాయనా. మొక్క పడుకుంది."