వీపు మీది జిప్పు

మా హిత్రా దీవిలో చలికాలం సముద్రంలోకి దిగేవాళ్లకు నా మొగుడు తోర్గెయిర్ చెప్పిందే వేదం. ముప్పయ్యేళ్లుగా నీటి అడుగున ఆల్చిప్పలు ఏరుతున్నాడు. చేతులు మొద్దుబారి అబద్ధమాడతాయని, నీళ్లకు పై పెదవి ఆనించి చూస్తాడు. ఆయన నాలుగు డిగ్రీలంటే థర్మామీటరూ నాలుగే అంటుంది.

కొత్తవాళ్లకు చెవి మెలేసి మరీ నేర్పాడు. పైకి రాగానే బొటనవేలిని చిటికెనవేలికి తాకించాలి. తాకకపోతే ఆ రోజుకి మళ్లీ దిగకూడదు. వణుకు ఆగిందంటే చలి తగ్గిందని కాదు, వణికే ఓపిక కూడా ఒంట్లో లేదని.

పోయిన సోమవారం ఆయన పైకి వచ్చి పడవ అంచు పట్టుకున్నాడు. వణకడం లేదు.

"ఇవాళ నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి యోరున్!"

థర్మామీటరు నాలుగు చూపిస్తోంది.

"ఏదీ, వేళ్లు తాకించు."

బొటనవేలు సగం దూరం వెళ్లి ఆగిపోయింది.

"నాకే పరీక్షా? అది పెట్టిందే నేను!"

ఇంటికొచ్చి పొయ్యి దగ్గర రెండు గంటలు కూర్చున్నా ఆ వేళ్లు కలవలేదు. నరాలు దెబ్బతిన్నాయి, చలి ఇక తెలియదు, దిగొద్దని డాక్టరు చెప్పాడు.

"ఆ డాక్టరు ఎప్పుడైనా మోకాలి లోతు దాటాడా?" అన్నాడు ఈయన.

దిగేటప్పుడు తొడుక్కునే, నీళ్లు చొరని సూటుకి జిప్పు వీపు మీద, భుజం నుంచి భుజం దాకా ఉంటుంది. ఎవరిది వాళ్లు వేసుకోలేరు. పెళ్లయినప్పటినుంచీ ఆయనది నేనే వేస్తున్నాను.

"ఇక వెయ్యను. ఎలా దిగుతావో చూస్తా" అన్నాను. గెలిచాననే అనుకున్నాను.

మర్నాడు పక్కింటి స్వెయిన్ పడవలో వెళ్లాడు. స్వెయిన్ జిప్పు చివరిదాకా లాగకుండా వదిలేశాడు. సాయంత్రం ఈయన్ని నీలం పెదవులతో, సూటు లోపల నడుము దాకా తడిసిన ఉన్ని బట్టలతో ఇంటి దగ్గర దించాడు.

"మనిషిని చంపేద్దామనుకున్నావా?" అని మీద పడ్డాను.

"అన్న అడిగితే కాదనగలనా వదినా? నువ్వు వెయ్యనన్నావట."

మొండివాడు రాజుకన్నా బలవంతుడు. ఏడ్చాను, తిట్టాను, రెండు రోజులు మాట్లాడలేదు. ఏదీ పనిచెయ్యలేదు.

ఈ ఉదయం మా పడవలో సూటు తొడుక్కుని, నాకు వీపు తిప్పి నిలబడ్డాడు. నేను కాదంటే స్వెయిన్ ఉన్నాడు. జిప్పు పళ్లకు మైనం రుద్ది, చివరిదాకా లాగి, ఎక్కడా సందు లేదని వేలితో తడిమి చూశాను.

"సరిగ్గా పడిందా?" అన్నాడు.

"పడింది" అన్నాను.

దిగాడు.