ఎర్రమట్టిలో కమ్మ

నా భార్యకు వాళ్లమ్మ మిగిల్చి పోయింది ఒక జత బంగారు కమ్మలే. ఆ ఏడు కంబదూరు దగ్గరి మా చేలో వేరుశనగ చెట్లు పీకుతున్నప్పుడు, కట్టలు నెత్తికెత్తుకుంటే చెవులు లాగుతాయని, మా వైపు ఆడవాళ్లందరిలాగే వాటిని తీసి కొంగుకు ముడి వేసుకుంది. సాయంత్రానికి ఒకటే మిగిలింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "బంగారం కొంగున కట్టుకోని చేనికి ఎవురన్నా వస్తారా?" అని కూలీల ముందే అరిచాను. ఆమె రెండు రోజులు అన్నం కూడా సరిగా తినలేదు. వాన పడిందంటే చేను దున్నాలి, ఇక ఆ కమ్మ దొరకదు.

కళ్యాణదుర్గంలో పాత ఇనుము కొనే సాయిబు నాకు తెలుసు. ఆయన దగ్గర రెండు మెటల్ డిటెక్టర్లు ఉన్నాయి.

"ఈ చిన్నది సింగిల్ ఫ్రీక్వెన్సీ అన్నా. మీ ఎర్రమట్టిలో ఇనుప రాళ్లు జాస్తి. ఆ పెద్దది మల్టీ, అది తీస్కపో" అన్నాడు.

పెద్దదాని మీద ఉన్న మీటలు చూసి నాకు బెదురు పుట్టింది. పోయింది ఒక్క కమ్మే కదా, ఒక్క ఫ్రీక్వెన్సీ చాలదా అనుకుని చిన్నదే తెచ్చాను. అది అడుగడుక్కీ కూసింది. కూసినచోటల్లా తవ్వితే నల్ల గులకరాళ్లు. పొద్దుగుంకే దాకా తవ్వి, దాన్ని కూడా నాలుగు తిట్టాను.

ఫోన్లో సంగతి విని మర్నాడు సాయిబే పెద్ద మిషనుతో బండి మీద వచ్చాడు. దాన్ని నేల మీద నాలుగుసార్లు ఎత్తి దించి, మా మట్టికి తగ్గట్టు సరిచేశాడు.

"చిన్నది ఒగ గొంతే వింటాదన్నా. మట్టి అరిస్తే ఇంగేం వినపడదు. ఇది నాలుగైదు గొంతులు ఒగేసారి విని, మట్టిది యాదో, బంగారుది యాదో యేరు చేస్తాది."

తర్వాత నా భార్య వైపు తిరిగాడు. "అక్కా, ముడి యాడ విప్పినావు?"

"ఆ గట్టు కాడ. ఈయప్ప కాలికి గుంటక ఇనుము తగిలి రక్తం కారతాంటే, ముడి విప్పి, కొంగు చించి కట్టినా."

నా బొటనవేలికి ఆ కట్టు ఇంకా ఉంది. అది కాలికి ఉండగానే ఆమెను తిట్టాను.

గట్టు దగ్గర మిషను సన్నగా పలికింది. సాయిబు వేళ్లతో మట్టి తీసి, కమ్మను ఆమె చేతిలో పెట్టాడు. ఏం తీసుకోనన్నాడు. పచ్చి వేరుశనగ కాయలు ఒక సంచెడు బలవంతాన బండికి కట్టాను. ఇనుము ఎలా వెతకాలో తెలిసినవాడు మనిషిని ఎలా అడగాలో కూడా నాకు చూపించి పోయాడు, ఆ మేలు మరిచిపోలేను.

ఆమె కమ్మను పిడికిట్లో పట్టుకుని నా కాలి వంక చూసింది. "కట్టు మాసిపోయింది. కూచో, మారుస్తా" అంటూ కొంగు అందుకుంది.

నేను గబుక్కున నా తువ్వాలు చించి ఇచ్చాను.