పర్శన్న డబ్బాకు నేను చేసిన పూజ

మా పర్శన్న గురించి చెప్పేముందు నా గురించి ఒక మాట చెప్పాలి. ఆయనంటే నాకు కుళ్లు. మామూలు కుళ్లు కాదు, దాయాది కుళ్లు. మా పెద్దబాపు కొడుకు ఆయన. మా రెండిళ్లకూ వాకిలి ఒకటే, నడుమ గోడ ఒకటే. ఆయన ఇంట్లో పోపు పెడితే నా ఇంట్లో తుమ్ముతారు. అంత దగ్గర మనిషి బాగుపడుతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత కష్టమో, పాలివాళ్లున్న వాళ్లకు నేను వేరే చెప్పక్కర్లేదు.

పూర్తి పేరు పర్శరాములు. యాభై నాలుగేళ్లుంటాయి. సిరిసిల్లలోనే పుట్టాడు కానీ, పదేళ్ల వయసులో మా పెద్దబాపు వెంట మహారాష్ట్రలోని భివండి వెళ్లి, అక్కడి సాంచల మధ్య మీసాలు మొలిచాక తిరిగొచ్చాడు. మరమగ్గాలను మేం సాంచలంటాం. చదువు ఐదో తరగతితో సరి. హిందీ మాత్రం దంచేస్తాడు. నడుస్తున్న సాంచ పక్కన ఒక్క నిమిషం నిలబడి, శబ్దం విని, ఏ బోల్టు వదులైందో చెప్పేస్తాడు. సొంతంగా నాలుగు సాంచలున్నాయి. అవి నడుపుకుంటూ, వాడలో ఎవరి సాంచ మొరాయించినా వెళ్లి బాగుచేస్తాడు. సాంచల వరకైతే ఆయన గొప్పతనం నాకేమీ అడ్డు కాదు. ఎందుకంటే నేను సాంచలవాణ్ని కాను.

నేను కంప్యూటర్ భానును. భానుప్రసాద్ అని అడిగితే మా వాడలో ఎవరికీ తెలియదు. పీజీడీసీఏ చదివాను. బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటరు పెట్టి పద్దెనిమిదేళ్లయింది. నా బిడ్డ నవనీత చిన్నప్పుడు బడిలో "మా బాపుకు రాని కంప్యూటర్ పని లేదు" అని కొట్లాడి మరీ చెప్పేది. ముఖానికి పౌడరు దట్టంగా రాసుకుని సెంటరుకు వచ్చేది. "ఫ్యాన్లకు పొడి పోతే మిషన్ సచ్చిపోతది బిడ్డా" అని చెప్పి, ఆ ముఖం తుడిచి లోపలికి తీసుకెళ్లేవాణ్ని. అది తలూపి, నా కుర్చీలో ఎక్కి కూర్చునేది. అంతకు మించిన వైభోగం నాకు ఇంకేదీ లేదు, ఉండాలని కోరుకోలేదు కూడా.

మూడేళ్ల కిందట ఊళ్లో ఒక ప్రైవేటు కాలేజీ మూతపడి, సామానంతా అమ్మకానికి పెట్టారు. పర్శన్న కుర్చీల కోసం వెళ్లి, కుర్చీలతో పాటు ఒక చిన్న కంప్యూటర్ డబ్బా తెచ్చాడు. టిఫిన్ డబ్బాకు కొంచెం పెద్దది, అంతే. నాకు చూపించాడు.

"తమ్మీ, గిది దేనికి పనికొస్తది?"

"చౌకరకంది అన్నా. ఆఫీసుల ఉత్తరాలు కొట్టుకోనికి పెడ్తరు. పక్కకు పడెయ్."

"గట్ల కాదట. యూట్యూబుల ఒకడు చెప్తుండు. దీన్ని ఇంట్ల సర్వర్ లెక్క పెట్టుకోవచ్చట. రూటర్ పని సుత ఇదే చేస్తదట."

నేను పడీపడీ నవ్వాను. "సర్వరంటే ఏసీ గది ఉండాలె అన్నా. సాంచల దుమ్ముల సర్వరా?" ఆయన కూడా నాతో పాటే నవ్వి, డబ్బాను చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

తర్వాత నాలుగు నెలలు, సాంచలు ఆగే ప్రతి ఆదివారం, ఆయన ఆ డబ్బా ముందే కూర్చున్నాడు. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి హిందీ వీడియో పెట్టేవాడు. ఇంగ్లీషు రాదు కదా, తెర మీది అక్షరాలను బొమ్మల్లా చూసి నోటుబుక్కులో దించుకునేవాడు. వాటినే ఒక్కొక్కటిగా వెతికి కొట్టేవాడు. ఒక్క అక్షరం తప్పితే మళ్లీ మొదటికి. నేను గోడ మీదుగా తొంగి చూసి "అయితుందా అన్నా?" అని అడిగేవాణ్ని. కాలేదంటే వినాలని. "పోగు తెగితే ముడేసుకుంట పోవుడే గద తమ్మీ" అనేవాడు.

ఆ డబ్బాకు నెట్ వైరు పెట్టే చోటు ఒక్కటే ఉంది. రూటర్ కావాలంటే రెండుండాలి, ఒకటి లైను వచ్చేందుకు, ఇంకోటి ఇళ్లలోకి వెళ్లేందుకు. అక్కడ బోర్లా పడతాడని కాచుకుని కూర్చున్నాను. ఆయన యూఎస్‌బీకి తగిలించే చిన్న అడాప్టరు ఒకటి తెచ్చి రెండో చోటు చేసుకున్నాడు. నూలు దుమ్ము లోపలికి పోకుండా కట్టె చట్రం చేసి, తన సాంచ మీద నేసిన పలుచని గుడ్డనే దానికి బిగించాడు. వారానికోసారి విప్పి ఉతికేవాడు. నేను చెప్పిన ఏసీ గది అదీ.

ఆ డబ్బా పని మొదలుపెట్టాక రెండిళ్లలో నెట్ దాని ద్వారానే నడిచింది. ఫోన్లు నిండిపోతే ఫోటోలన్నీ దాంట్లో చేరేవి. దుబాయిలో ఉన్న వాళ్ల కొడుకు పంపే వీడియోలు, నవనీత ఇంటర్ పాఠాలు, అన్నీ అందులోనే. లైను పోయినా పాఠాలు మాత్రం ఆగకుండా వచ్చేవి. వాడలో జనం నన్ను ఆపి, "మీ అన్న ఇంట్ల ఉన్నడా?" అని అడగడం మొదలైంది. కరెంటు బిల్లు పేలిపోతుందని మా వదిన బాలలక్ష్మిని భయపెట్టి చూశాను. "బల్బంత కూడ కాల్తలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు మర్దీ?" అంది.

ఇదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒకటే జరిగింది. ఒక సాయంత్రం నెట్ ఆగింది. నేను వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాను. నవనీత లోపల్నుంచి వచ్చి, నా ముందునుంచే నడిచి, గోడ దగ్గరికి వెళ్లి పిలిచింది.

"పెద్దబాపూ! నెట్ పోయింది, జర చూడవా?"

పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా? ఊరంతా ఆయన్ని పిలుచుకోనీ, నా బిడ్డ మాత్రం నన్నే పిలవాలి. నాకు కావలసింది అదొక్కటే. అది ఆ డబ్బా ఉన్నంతకాలం జరగదని ఆ రోజు నాకు తేలిపోయింది.

మా తాత రాజయ్య మా ఇంట్లో ఒక రివాజు పెట్టి పోయాడు. దసరానాడు సాంచలు ఆపి, కడిగి, పూజ చేస్తాం కదా. ఎవరి సాంచలకు వాళ్లు చేసుకోకూడదు. పాలివాడి పనిముట్లకు పాలివాడే పూజ చేయాలి. ఎదుటివాడి అన్నం ముద్దకు చేతులెత్తి మొక్కినవాడికి కుళ్లు పుట్టదని ఆయన నమ్మకం. అందుకే పర్శన్న ఏటా నా సెంటరుకు వచ్చి, ఒక్కో కంప్యూటరు మూత మీద చిటికెడు కుంకుమ పెట్టి, చేతులు జోడించి వెళతాడు. నేను ఆయన సాంచలకు పెడతాను.

నిరుటి దసరాకు పళ్లెం పట్టుకుని నవనీత నా వెంట వచ్చింది. నిండు కుంకుమ భరిణె, పసుపు, బంతిపూలు, కొబ్బరికాయ. సాంచలకు పూజ అయింది. పిల్ల వదిన పిలిస్తే వంటింట్లోకి వెళ్లింది. పర్శన్న బయట గుమ్మానికి మామిడాకులు కడుతున్నాడు. మూలన బల్ల మీద డబ్బా ఉంది. పనిముట్టే కాబట్టి దాన్ని కూడా ఆపేశాడు. పండగ కదా, గుడ్డ చట్రం ఉతికి ఎండలో పెట్టాడు. గాలి పోయే సందులు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

ఒక బొట్టు పెట్టాను. ఇంకోటి పెట్టాను. తర్వాత భరిణె పట్టుకుని ఆ సందుల్లోకి ఒంపాను. పైన కొబ్బరినీళ్లు చల్లాను. పూజే కదా, ఎవరు కాదంటారు? చేతులు కూడా జోడించాను. నవనీత వచ్చి పళ్లెం అందుకుంది. ఖాళీ భరిణె వైపు ఒకసారి చూసింది.

సాయంత్రం పర్శన్న నా చేతిలో జమ్మి ఆకు పెట్టి, "బంగారం తీసుకో తమ్మీ, సల్లగుండు" అని గట్టిగా కావలించుకున్నాడు. ఆయన భుజం మీద నా గడ్డం ఉంది. ఒక్క క్షణం చెప్పేద్దామనిపించింది. నేను కూడా ఆయన చేతిలో జమ్మి ఆకు పెట్టాను.

మర్నాడు పొద్దున డబ్బా ఆన్ చేశాడు. పది నిమిషాల్లో వేడెక్కి ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేశాడు, మళ్లీ ఆగింది. ఆయన చెవి ఆనించి, "లోపట తిరుగుతలేదు" అన్నాడు. వదిన వచ్చింది, నా భార్య వచ్చింది, నవనీత వచ్చింది. నేను కూడా వెళ్లాను. వెళ్లకపోతే అనుమానం వస్తుంది కదా. మూత విప్పితే ఫ్యాను రెక్కలు ఎర్రటి ముద్దలో కూరుకుపోయి కనిపించాయి. అందరూ నా వైపు తిరిగారు.

పర్శన్న ఆ ముద్దను గోటితో గీకి చూశాడు. "నాదే తప్పు తమ్మీ. సాంచకు ఎంత పెట్టినా ఓర్చుకుంటది, గిది ఓర్చుకోదని ముందుగాల చెప్పకపోతిని" అన్నాడు. వదిన ఊరుకోలేదు. "గిది నీకు తెల్వదా మర్దీ? కంప్యూటర్లు చదివినోనివి గద!"

నా ముందు రెండే దారులు మిగిలాయి. తెలిసే చేశానంటే పాపిష్టివాణ్ని. తెలియక చేశానంటే, పద్దెనిమిదేళ్ల కంప్యూటర్ భాను ఏమీ రానివాడు.

"తెల్వలే వదినా" అన్నాను. "నిజంగ తెల్వలే."

"పోనీ తియ్, తెల్వక చేసిండు" అని పర్శన్న సాంచలు దులిపే కుంచె తీసుకుని శుభ్రం చేయడానికి కూర్చున్నాడు. అందరూ నమ్మారు. వెళ్లిపోయారు. నవనీత మాత్రం నా పక్కనే నిలబడి, నాకొక్కడికే వినబడేలా అంది:

"ఫ్యాన్లకు పొడి పోతే మిషన్ సచ్చిపోతదని నాకు చెప్పింది నువ్వే గద బాపూ."

నేను తల దించుకున్నాను. దాని గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది.

పర్శన్న రెండు రోజుల్లో ఇంకో ఫ్యాను తెచ్చి బిగించాడు. లోపలివన్నీ భద్రంగానే ఉన్నాయి. డబ్బా ఇప్పటికీ నడుస్తోంది. ఆయనంటే నాకు ఇప్పటికీ కుళ్లే. ఇంకాస్త పెరిగింది కూడా. తెలిసి క్షమించాడో, తెలియక నమ్మాడో నాకు తెలియదు. రెండిట్లో ఏదైనా నా వల్ల అయ్యే పని కాదు.

మొన్న మళ్లీ దసరా వచ్చింది. రివాజు రివాజే. నవనీత పళ్లెం సర్ది నా చేతికిచ్చింది. పసుపు ఉంది, బంతిపూలు ఉన్నాయి, కొబ్బరికాయ ఉంది. కుంకుమ భరిణెను మాత్రం తన గుప్పిట్లోనే పెట్టుకుని నా వెంట వచ్చింది.