ఆటలో లేని చూపు

నా చిన్నప్పుడు మా భాగోతం మేళంలో ఒక వేషాన్ని మరొకరికి అప్పగించాలంటే, ఇచ్చేవారు తమ గజ్జెలను స్వయంగా ఎదుటివారి కాళ్లకు కట్టాలి. ఆ తర్వాత వారు ఆ వేషాన్ని మళ్లీ వేయకూడదు.

మాది సూర్యాపేట పక్క పల్లె. ఊరూరా తిరిగి ఆడే కుటుంబం. రాణి వేషానికి మా అమ్మ అక్క, అంటే మా పెద్దమ్మ, పెట్టింది పేరు. నిజాం పాలన చివరి రోజుల గడబిడల్లో రెండేళ్లు మేళం కదలలేదు. పెన్‌పహాడ్ నుంచి మళ్లీ పిలుపు వచ్చేసరికి ఆమె మోకాళ్లు మొండికేశాయి. ఆమెకు ఆడపిల్లలు లేరు. పదకొండేళ్ల నేను నేర్చుకోకపోతే ఆ వేషం ఆమెతోనే ఆగిపోతుంది.

పుట్టినప్పటి నుంచి ఆమె ఆట చూసినదాన్ని కనుక అడుగులు త్వరగానే పట్టుబడ్డాయి. మూడో చుట్టు ముగిసే చోట ఆమె రెప్పపాటు ఎడమవైపు చూసేది. నేనూ అలాగే చూశాను. పెద్దమ్మ తాళం ఆపింది.

"గట్ల పక్కకెందుకు సూస్తున్నవే?"

"నువ్వు సూస్తవ్ గద, పెద్దమ్మా!"

"నేనెన్నడు సూసిన్నే?"

మద్దెల మీద చెయ్యి ఆనించి మా నాయన నవ్వాడు. "నాకు ఎరుకైనకాడికెల్లి సూస్తనే ఉన్నవ్, వదినా. నీకే ఎరుకలేదు."

పెద్దమ్మ నవ్వలేదు. నేల మీద కూర్చుండిపోయింది. ఆమెకు ఆ వేషం నేర్పింది నేను చూడని మా అమ్మమ్మ. ఆట సాగుతున్నంతసేపు అమ్మమ్మ తాళం పట్టుకుని ఎడమవైపే కూర్చునేదట. అడుగు కుదిరిందో లేదో ఆ ముఖంలో చూసుకోవడం పెద్దమ్మకు అలవాటట. అమ్మమ్మ పోయి ఎన్నో ఏళ్లయినా మెడ ఆ అలవాటు మానలేదు.

"గది ఆటల లేదు బిడ్డా. గది మా అమ్మ కోసం నా తండ్లాట. వేషం తీస్కో. గది మాత్రం నాకే ఉండనియ్యి" అంది.

చీకటి పడ్డాక గుమిగూడడానికి జనం ఇంకా జంకుతున్నందున పెన్‌పహాడ్‌లో ఆట పగలే పెట్టారు. పెద్దమ్మ నా కాళ్లకు గజ్జెలు కట్టి, ముడిని రెండుసార్లు లాగి చూసి, తాళం పట్టుకుని వెళ్లి ఎడమవైపు కూర్చుంది. మూడో చుట్టులో నా మెడ దానంతటదే తిరగబోయింది. పళ్లు బిగించి ఎదురుగానే చూశాను. ఆట ఎక్కడా తప్పలేదు.

ఊరివాళ్లు మెచ్చుకుంటుంటే ఆమె నా గజ్జెలు విప్పుతూ, తల ఎత్తకుండానే అంది: "మంచిగాడినవ్. నేను సెప్పినట్టే సేసినవ్. కని ఒక్కపాలి ఇటు సూస్తవేమోనని ఎదురుసూసిన."

తర్వాతి ఆట తుంగతుర్తిలో. ఆమె మోకాళ్లు ఇల్లు దాటనివ్వలేదు. మూడో చుట్టులో నేను ఎడమవైపు చూశాను. అక్కడ మరెవరో తాళం వేస్తున్నారు.

చదువు నన్ను మేళం నుంచి దూరంగా తీసుకుపోయింది. మా ఇంట మొదటి పట్టభద్రురాలినయ్యాను. ఎవరైనా వద్దన్నప్పుడు ఆ మాట దగ్గరే ఆగకుండా, వారి ముఖం చూడాలని ఆలస్యంగా తెలుసుకున్నాను. ఈ వయసులోనూ చేతిలో పని ముగియగానే నా మెడ కొద్దిగా ఎడమకు తిరుగుతుంది. ఎవరిని చూస్తున్నావని పిల్లలు అడుగుతారు. తన దగ్గరే ఉంచుకుంటానన్నది కూడా పెద్దమ్మ నాకే ఇచ్చి వెళ్లింది.