చివరిదాకా చదవని నోటీసు

నిన్న సాయంత్రం రాయపూర్ మోవా పేటలో మా అమ్మాయి ఇంటి ముందున్న కరెంటు స్తంభానికి ఎవరో ఒక కాగితం అంటించి వెళ్లారు. ఇల్లు ఎలాంటిదైనా, కాగితాలు ఉన్నా లేకపోయినా, చేతిలో నగదు పెట్టి కొంటామని హిందీలో పెద్ద అక్షరాలతో ఉంది. రాయపూర్ కొత్త రాష్ట్రానికి రాజధాని అవుతుందన్న మాట పుట్టినప్పటి నుంచి ఇలాంటివి వీధివీధినా కనిపిస్తున్నాయి. పాల కోసం గడప దాటినదాన్ని, అడుగున చీమలంత అక్షరాల్లో ఉన్న ప్రెస్సు పేరు దాకా చదివి గాని కదలలేకపోయాను. మా అమ్మాయి గేటు దగ్గర నుంచి నవ్వింది. "ఎందుకమ్మా అంత పఢాయి? మందుసీసా మీది చీటీ కూడా వదలవు నువ్వు!" ఆ అలవాటు నాకెక్కడ అంటుకుందో దానికి తెలియదు. రాత్రి ప్రార్థనలో కూడా మనసు నిలవలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మా నాన్న తెనాలి దగ్గరి పల్లె నుంచి రైల్వే ఉద్యోగానికి రాయపూర్ వచ్చి, తెలీబంధాలో చెరువుకి కాస్త ఎడంగా రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. మట్టి అడుసుతో పేర్చిన ఇటుక గోడలు, ముందొక వరండా, అంతే. ఆ రోజుల్లో మన తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఊళ్లో పాతిక కూడా ఉండేవి కావేమో. శనివారం సాయంత్రం ప్రార్థన కూడిక మా ఇంట్లోనే. మగవాళ్లు గదిలో, ఆడవాళ్లు వరండాలో, పిల్లలం గుమ్మాల మీద. ప్రభువు శిష్యులు ప్రార్థనలో కనిపెట్టుకుని ఉన్నది మేడగదిలో కదా, మనకీ ఒక మేడగది ఉంటే బాగుండునని సంఘపెద్ద అయిన మా నాన్న ఒకసారి అన్నాడు. ఆ మాట అందరికీ నచ్చేసింది. ప్రతి కుటుంబం ఇటుకలు తెచ్చింది. ఆదివారం ఆరాధన కాగానే మగవాళ్లు చొక్కాలు విప్పి గోడ లేపేవారు, ఆడవాళ్లు తలల మీద ఇసుక మోసేవారు, పాటలు పాడుకుంటూనే. నాకప్పుడు పన్నెండేళ్లు. అంత సంతోషంగా జరిగిన పని నేను మళ్లీ చూడలేదు. మున్సిపాలిటీ వారి అనుమతి అడగాలన్న ఊహ ఒక్కరికీ రాలేదు. దేవుని పనికి దేవుణ్ణి అడిగాం, అంతకన్నా పై అధికారి ఎవరని అనుకున్నాం.

సంఘం పోగుచేసిన చందా స్లాబుతోనే అయిపోయింది. బయటి మెట్లకీ, పైన గది ముందున్న కాస్త జాగాకీ పిట్టగోడ కట్టలేదు. మా అమ్మ అది గుర్తు చేసినప్పుడల్లా నాన్న, పడబోయేవాళ్లని దేవదూతలు పట్టుకుంటారులే అనేవాడు. "దేవదూతలకి వేరే పనుల్లేవా, మీ పిల్లల వెనకాల చేతులు చాపుకుని తిరగడానికి?" అనేది అమ్మ. అందరం నవ్వేవాళ్లం. నాన్న అందరికన్నా ఎక్కువ నవ్వేవాడు.

మరుసటి ఏడు నోటీసు వచ్చింది. నాన్నకి తెలుగు బాగా వచ్చు, ఇంగ్లీషు కొద్దిగా వచ్చు. హిందీ బజారులో మాట్లాడటమే గాని చదవడం రాదు. వీధి చివరి కిరాణా అతని చేత చదివించాడు. అతను మొదటి రెండు పంక్తులు చదివి, పైగది అనుమతి లేకుండా కట్టారట, తీసేయమంటున్నారు అని చెప్పి, ఇంకో బేరం రాగానే పప్పు తూయడానికి తిరిగాడు. నాన్న కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాడు. పెద్దలు కూడి మూడు రోజుల ఉపవాస ప్రార్థన నిర్ణయించారు. ఆ కాగితాన్ని మేడగది మధ్యలో పీట మీద పెట్టి, చుట్టూ మోకరించి, కన్నీళ్లతో ప్రార్థించారు. నెల గడిచింది, ఏడాది గడిచింది, ఎవరూ రాలేదు. అప్పటి నుంచి ప్రతి కోతకాల పండుగలో మా నాన్న లేచి సాక్ష్యం చెప్పేవాడు: దానియేలు కోసం సింహాల నోళ్లు మూసిన దేవుడు మా కోసం మున్సిపాలిటీ నోరు మూశాడని. సంఘమంతా స్తోత్రం అనేది. నోటీసుని మా పెద్ద వేదగ్రంథంలో దానియేలు దగ్గరే దాచాడు. హిందీ బడిలో చదువుకుంటున్న నేను ఆ ఉపవాస ప్రార్థనలో పీట పక్కనే చాప మీద కూర్చుని ఉన్నాను. నన్నెవరూ చదవమనలేదు. నాకూ చదవాలనిపించలేదు.

ఏళ్లు గడిచాయి. అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్లింది. నా పెళ్లయ్యాక మావారు కూడా ఆ ఇంట్లోనే ఉన్నారు. ఆయనకీ రైల్వేనే. ఉన్నట్టుండి వాల్తేరు బదిలీ అయింది, పదిహేను రోజులు గడువు. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లంతా ముందు బాగుందనేవాళ్లు, తరవాత మున్సిపాలిటీ మంజూరు చేసిన నక్షా, అదే ఇంటి ప్లాను, చూపించమనేవాళ్లు, లేదనగానే చెప్పుల్లో కాళ్లు పెట్టేవాళ్లు. చివరికి ఆరంగ్ నుంచి ఒక బియ్యం మిల్లు యజమాని వచ్చాడు. "నక్షా ఏం చేసుకుంటాను బహన్‌జీ, చాబీ ఇవ్వండి చాలు. రేపు మధ్యాహ్నం నగద్ తెస్తాను" అన్నాడు. కూతురికీ అల్లుడికీ కాపురం పెట్టించడానికట. ఆ అమ్మాయి చంటిబిడ్డని భుజాన వేసుకుని చకచకా మెట్లెక్కి మేడగదిలోకి వెళ్లింది. చెరువు మీది గాలికి కళ్లు మూసుకుని నిలబడి, మేము పెట్రోమాక్సు దీపం తగిలించే కొక్కెం చూపించి, "ఉయ్యాల ఇక్కడే కడతాను" అంది.

సాయంత్రం ట్రంకుపెట్టె సర్దుతూ వేదగ్రంథం ఎత్తాను. నోటీసు జారి ఒళ్లో పడింది. ఊరికే విప్పాను. కిరాణా అతను చదివిన రెండు పంక్తుల కింద ఇంకో ఆరు పంక్తులున్నాయి. కింది గోడ పలుచన, మట్టితో కట్టినది, పై అంతస్తు బరువు మోయలేదు. గోడ పటిష్ఠం చేసేవరకు పైన ఎవరూ నివసించరాదు, జనం గుమికూడరాదు అని ఉంది. మూడుసార్లు చదివాను. ఆ కాగితం చుట్టూ, ఆ స్లాబు మీదే, నలభై మంది మోకాళ్లూని చప్పట్లు కొట్టారు.

మావారికి చూపించాను. ఆయన చదివి, "ఆ మిల్లు యజమాని అడిగాడా?" అన్నారు. "అడగనిదానికి జవాబు చెప్పడం కూడా ఒక రకం గర్వమేనోయ్."

"అడిగితే చెబుతామా మరి?" అన్నాను.

ఆయన తాడు తీసుకుని పరుపు చుట్ట కట్టడానికి వెళ్లిపోయారు. తప్పు పట్టలేను, గడువు ఇంకా నాలుగు రోజులే ఉంది. నాకు మాత్రం కూర్చుంటే నిలబడాలని, నిలబడితే నడవాలని. పొయ్యి మీద పాలు పొంగించాను, మడిచిన చీరలే మళ్లీ మడిచాను. చెప్పకపోతే ఆ ఉయ్యాల ఆ కొక్కేనికి వేలాడుతుంది. చెబితే మా నాన్న ఇన్నేళ్లు నిలబడి చెప్పిన సాక్ష్యం కూలిపోతుంది. దేనిమీద కాలు పెట్టినా కింద ఏదో పగులుతున్నట్టే ఉంది.

ఆఖరికి వరండాలో పడక కుర్చీలో ఉన్న నాన్న దగ్గరికి వెళ్లి, ఆ కాగితం తెలుగులో చెప్పాను.

"మళ్లీ చదువు. చివరిదాకా," అన్నాడు.

చదివాను. నాన్న, "మీ అమ్మ పిట్టగోడ అంటే నవ్వాను," అన్నాడు. "కొత్త ఇల్లు కట్టేవాడు మేడకి పిట్టగోడ కట్టి తీరాలని ధర్మశాస్త్రంలోనే ఉంది. ఆదివారపు బడిలో నేనే నేర్పాను." ఆ పూట అన్నం తినలేదు.

మర్నాడు మధ్యాహ్నం మిల్లు యజమాని గుడ్డసంచీతో, కూతురితో వచ్చాడు. నేను నోరు తెరిచేలోపే నాన్న కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు, సాక్ష్యానికి లేచినట్టే. జీవితంలో ఆయన హిందీలో చెప్పిన సాక్ష్యం అదొక్కటే.

"ఊపర్ కా కమరా కమ్‌జోర్ హై. కాగజ్ ఆయా థా. హమ్ పూరా నహీ పఢా."

పైగది బలహీనమైనదని, కాగితం వచ్చినా తాము పూర్తిగా చదవలేదని ఆ ముక్కల హిందీలో ఒప్పుకున్నాడు. నిన్ననే ఎందుకు చెప్పలేదని మిల్లు యజమాని గట్టిగా అడిగాడు. నిన్న మాకూ తెలియదు అన్నాడు నాన్న. ఆ అమ్మాయి బిడ్డని ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుని, మెట్ల వైపు చూసి, ఒకడుగు వెనక్కి వేసింది. "ఇల్లు అమ్మడానికి తంటాలు పడేవాళ్లని చూశాను బాబూజీ, అమ్మకుండా ఉండటానికి ఇంత తంటాలు పడేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను," అని మిల్లు యజమాని సంచీ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి మావారు తన కంచంలో తనే వడ్డించుకున్నారు.

మూడో రోజున మిల్లు యజమాని మళ్లీ వచ్చాడు, ఈసారి ఒక మేస్త్రీతో. మేస్త్రీ తాపీతో గోడ గీకి, బొటనవేలితో మట్టి రాల్చి, పైకి చూసి తల అడ్డంగా ఊపాడు. ఇంచుమించు స్థలం ధరకే ఇల్లు ఇచ్చేశాం. మేడగది తీసేయడం ఆయన మొదటి షరతు. మా నాన్న షరతు కూడా అదే. సామాను లారీకి ఎక్కిస్తుండగానే పైన మొదటి ఇటుక ఊడింది.

వాల్తేరు సంఘంలో కోతకాల పండుగ వచ్చినప్పుడల్లా పెద్దలు నాన్నని సాక్ష్యం చెప్పమనేవారు. ఆయన కూర్చునే చేతులు జోడించేవాడు. చనిపోయేవరకు మళ్లీ లేవలేదు. సరైన పనే చేశానని తెలిసినా, ఆ జోడించిన చేతులు గుర్తొస్తే నాకు ఒకచోట కూర్చోబుద్ధి కాదు.

ఇవాళ రాయపూర్‌లో మన సంఘానికి మంజూరైన నక్షాతో కట్టిన మందిరం ఉంది, మెట్లకి ఇనుప కడ్డీలున్నాయి, సాక్ష్యానికి మైకు ఉంది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇసుక మోస్తూ పాడేవాళ్లే లేరు. ఇళ్లు కొనేవాళ్లు కూడా ఎదుటివాడి గుమ్మం తొక్కకుండా స్తంభాల మీదే బేరం మొదలుపెడుతున్నారు. పొద్దున ఉండబట్టలేక రిక్షా మాట్లాడుకుని తెలీబంధా వెళ్లొచ్చాను. ఇల్లు ఉంది. మీద గది లేదు, డాబా చుట్టూ నడుమెత్తు పిట్టగోడ ఉంది, దాని మీద ఎవరివో దుప్పట్లు ఆరుతున్నాయి. కింద ఆ పాత గోడే. దాని ముందు నిలబడి అనుకున్నాను, నాన్న సాక్ష్యం అబద్ధం కాదేమోనని. దేవుడు మున్సిపాలిటీ నోరు మూశాడో లేదో నాకు తెలియదు. అన్నేళ్లు, అన్ని శనివారాలు, నలభై మంది పాటని ఆ మట్టిగోడ కూలకుండా మోసింది. ఈ మాట నాన్న బతికుండగా నాకు తట్టి ఉంటే, ఆయన మళ్లీ ఒక్కసారైనా సాక్ష్యానికి లేచి నిలబడేవాడు.